గట్టువార ఎవరిది

అమలాపురం బజారులో బేరం తెలిసినవాళ్ళు చాలామందే ఉండేవారు. కాని ధవళేశ్వరం రేవులో పడవ కిరాయి మీద నాలుగు రూపాయలు తగ్గించి, రేవులో ఆగిన రోజుల బత్తెం కూడా ఎగ్గొట్టి, సరుకు ఇంటికి దింపుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఏడు మా బజారులో అంత చౌకగా ఎవరికీ కుదరలేదు. ఇప్పటికీ ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. సిగ్గుపడవలసినది దీని తరవాత వస్తుంది.

నేను కొట్లో పుట్టి కొట్లో పెరిగినవాణ్ణి. మా ఇంట్లో పిల్లలకి నడక కంటే ముందు తూకం వచ్చేది. అడిగిన ధర ఇచ్చి వస్తువు తెచ్చుకున్న రోజున మా నాన్నగారు నాతో మాట్లాడేవారు కారు. మందలించేవారూ కారు. జ్వరం తగిలినవాణ్ణి చూసినట్టు చూసి ఊరుకునేవారు. ముందు ఎవరు తగ్గితే వాడు పోయినట్టేనని ఆయన నమ్మకం. అది కొట్టు వరకూ మంచి నమ్మకమే. నేను దాన్ని కాలవ మీదికి కూడా తీసుకెళ్ళేను.

గోదారికి ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వి, మా సీమకి నీళ్ళు వదిలిన కొత్తలవి. అంతకుముందు వానాకాలం వస్తే ఎద్దులు మోకాళ్ళదాకా బురదలో దిగబడేవి, సరుకు సగం దారిలోనే మొలకలెత్తేది. కాలవ వచ్చేక అమలాపురంలో కొబ్బరికాయలు పడవకెత్తితే, కొత్తపేట మీదుగా, లొల్ల లాకులు దాటి, ఏరు దాటి ధవళేశ్వరం రేవులోనే దింపుకోవచ్చు. తిరుగు పడవలో చింతపండూ, ఎండుమిరపకాయా, పసుపూ తెచ్చుకోవచ్చు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే తాడు. పడవ నడుమ ఉన్న కొయ్యకి తాడు కట్టి, ఇద్దరు గట్టు మీద ముందు నడుస్తూ భుజాన వేసుకుని లాగుతారు. ఒకడు వెనక చుక్కాని దగ్గర ఉంటాడు. పడవ పెద్దని సరంగు అనేవాళ్ళం. మలుపుల్లో గెడ పట్టి పడవని గట్టుకి తగలకుండా తొయ్యడం అతని పని. మంచి గెడ మనిషికి మా కాలవ మీద మంచి పేరుండేది.

కాలవ తవ్వినవాళ్ళు నీళ్ళు ఎటు పారాలో చెప్పేరు గాని, పడవకి పడవ ఎదురైతే ఎవరు ఎటు తప్పుకోవాలో చెప్పలేదు. అది ఎక్కడివాళ్ళు అక్కడ తేల్చుకున్నారు. మా కాలవకి ఒక గట్టే నడవడానికి పనికొచ్చేది. అవతలి గట్టంతా మొగలి పొదలు, నీళ్ళ మీదికి వాలిన కొబ్బరిచెట్లు, ఎవరి దొడ్డికి వాళ్ళు వేసుకున్న కంచెలు. అందుకని ఎదురు నీటికి ఎక్కే పడవది గట్టువార. నీటివాలున దిగే పడవ తాడు వదులు చేసి నీళ్ళలో మునగనిచ్చి, అవతలివారకి జరిగి ఆగాలి. ఎక్కేవాడు ఒకసారి ఆగితే మళ్ళీ కదలడానికి ప్రాణం తోడేస్తుంది. దిగేవాణ్ణి నీళ్ళే తీసుకెళ్తాయి. సరుకుందా, ఖాళీయా, పడవ ఎవరిది, ఏ కులం వాడిది అన్న ప్రశ్నే లేదు. మా సీమలో అన్నిటికీ తగువుండేది గాని, దీనికి ఉండేది కాదు.

గోదారికి తూర్పున, కాకినాడ వైపు పోయే కాలవ మీద రెండు గట్లూ చదునే. అక్కడ ఎవరి ఎడమ వాళ్ళది. ఎక్కేవాడు తన ఎడమ గట్టున, దిగేవాడు తన ఎడమ గట్టున పోతారు. ఒకరి తాడు ఒకరు వదలక్కరలేదు. రాజోలు వైపుది ఇంకో తీరు. అక్కడ ఎదురెదురు పడవలు రెండూ కాలవ నడిమధ్యన ఆగిపోయేవి. అమ్మాయి కాపరానికి వెళ్ళిందాండీ, అగ్గి ఉందాండీ, అంటూ చుట్టలు ముట్టించుకునేవారు. వెనక ఆరేడు పడవలు ఆగి గోల పెడితే, "ఆయ్, కదులుతున్నావండీ" అని, కదలకుండా ఇంకో చుట్ట తీసేవారు. అక్కడ ఎవరికీ దెబ్బ తగిలిన మాట నేను వినలేదు.

మా సరుకులు మోసే సరంగుది ముక్తేశ్వరం. ఏటి రేవులో పుట్టి గెడతో పెరిగిన మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. పడవ ఆయన సొంతం. తమ్ముడూ, భార్యా గట్టు మీద తాడు లాగేవారు, చుక్కానీ గెడా ఆయనే చూసుకునేవాడు. మా నాన్నగారి రోజులనించీ మాకు తప్ప మరొకరికి ముందుగా మాట ఇచ్చేవాడు కాడు. నన్ను చిన్నశెట్టిగారూ అని పిలిచేవాడు.

ఆ పర్యాయం కొబ్బరికాయలు ధవళేశ్వరంలో దింపేక చింతపండు ధర దిగలేదు. దిగేదాకా ఆగుదామన్నాను.

"ఆగుదామండి. మరి ఆగిన రోజులకి బత్తెం?" అన్నాడు సరంగు.

"ఆగితే నీ పడవేమైనా అరిగిపోతుందా?"

"పడవ అరగదండి. మా ముగ్గురి కడుపులే అరుగుతాయి."

"చేపలు పట్టుకో. ఎదురుగా గోదారుంది."

"ఆయ్. ఆ చేపలోకి చింతపండు మీరు పెట్టిస్తారాండి?"

ఆయన భార్య పడవలోంచి నవ్వింది. నేనూ నవ్వేను గాని బత్తెం మాట ఎత్తలేదు. నవ్వించి దాటెయ్యడం మా కొట్టు విద్యల్లో ఒకటి. బత్తెం లేకుండానే రెండు రోజులు ఆగి, చివరికి ఆయనే దారి చెప్పేడు. ఎవరిదో బెల్లం కొత్తపేటకి వేసుకెళ్ళి దింపి, మళ్ళీ నా కోసం ఖాళీగా ఎక్కి వస్తానన్నాడు. ఆ లోపున నన్ను సరుకు కొనుక్కోమన్నాడు. తిరుగు కిరాయి ఎప్పుడూ ఇచ్చేదే ఇమ్మన్నాడు. సరేనన్నాను. చేతిలో చెయ్యి వేసేను కూడా.

ఆయన వెళ్ళిన మర్నాడే చింతపండు ధర దిగింది. సరుకు కొన్నాను. ఆ సాయంత్రమే రేవులో తూర్పు కాలవ పడవ ఒకటి కనపడింది. వాళ్ళ కాలవకి ఎక్కడో గండి పడి నీళ్ళు కట్టేసేరట. పని లేక కూర్చున్నారు. పని లేనివాడి మొహం చూస్తే నాలాంటివాడికి పండగే. నాలుగు రూపాయలు తక్కువకి ఒప్పించేను. తిండి వాళ్ళదే. మా సరంగుకి ఇచ్చిన మాట గుర్తుకు రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది. ఖాళీగా వస్తాడు, ఇక్కడ ఎవరిదో సరుకు దొరుకుతుందిలే అని సర్దుకున్నాను. నాలుగు రూపాయల కోసం మనసు ఎంత తొందరగా సర్దుకుంటుందో చూస్తే నాకే ముచ్చటేసింది.

లొల్ల లాకులు దాటి మా కాలవలో పడ్డాం. మొదట ఎదురైనవి రెండు పడవలు. అవి దూరంనించే కేకేసేయి. మా తూర్పువాళ్ళకి అర్థం కాకపోయినా, ఆ మలుపులో కాలవ వెడల్పుగా ఉండటంతో ఎలాగో ఒరుసుకుని పోయేం. అప్పుడు నేను వాళ్ళకి మా పద్ధతి చెప్పవలసింది. చింతపండు బస్తా మీద పడుకుని, దీన్ని అమలాపురంలో ఎంతకి అమ్మాలా అని ఆలోచిస్తున్నాను.

కొత్తపేటకి ఇంకా కొంత ఎగువనే ఉన్నాం. ఎండ నడినెత్తికి వస్తోంది. ఎదురుగా ఒక పడవ ఎక్కి వస్తోంది. ముందు గట్టు మీద తాడు లాగుతున్న ఆడమనిషి నడక చూసి పోల్చుకున్నాను. మా సరంగు భార్య. వెనక మరిది. పడవ ఖాళీ. నా కోసం వస్తోంది.

మా ఎడమా, వాళ్ళ గట్టువారా ఒకటే గట్టు.

నేను బస్తాల వెనక్కి వంగేను. చెరువులో తల ముంచుకున్న గేదెలా నేనెవరికీ కనపడటంలేదనుకున్నాను. లాగేవాళ్ళు ముందు ఎదురుపడ్డారు. ఆవిడ ఆగి, తాడు భుజం మార్చుకుని, మామూలుగానే అడిగింది.

"తాడు వదలండి బాబూ, ఎక్కే పడవ."

"నీ ఎడమకి పోవమ్మా," అన్నాడు మా వాళ్ళలో ముందున్నవాడు.

"నా ఎడమన మొగలి డొంకుంది నాయనా. నువ్వు నడిచి చూపించు, వెనకాలే వస్తాను."

వాడికి నవ్వొచ్చింది. కాని తాడు వదల్లేదు. ఇద్దరి తాళ్ళూ ఒకదాని మీద ఒకటి పడి ఒరుసుకోవడం మొదలెట్టేయి. మా చుక్కాని దగ్గర కూర్చున్న తూర్పు పెద్దమనిషి లేచి నుంచుని నన్ను అడిగేడు.

"ఏం చెయ్యమంటారు శెట్టిగారూ? ఇది మీ ఊరి కాలవ. ఇక్కడి పద్ధతేంటండి?"

ఆ మాట నిజంగా అడిగేడు. నాకు సమాధానం తెలుసు. వదలండి అని ఒక్క మాట అంటే చాలు. అదే క్షణాన ఎదటి పడవ ముందువార మీద సరంగు గెడ పట్టుకుని నుంచుని నన్ను చూసేడు.

"చిన్నశెట్టిగారూ! కనపడుతున్నారండీ! చింతపండు మీకు అడ్డం రాదు!"

ఆయన పడవలో ఇంకెవరూ లేరు గాని, గట్టు మీద కొబ్బరికాయలు వలుస్తున్నవాళ్ళు నవ్వేరు. నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపం ఉంటుందే, అది. ఇప్పుడు నేను తాడు వదిలిస్తే కిరాయి దగ్గర నేనే తప్పని పదిమందిలో ఒప్పుకున్నట్టు. ఆ వేడిలో అలాగే కనపడింది.

"మీ పద్ధతే కానీండి. లాగండి," అన్నాను.

లాగేరు. నిండు పడవ, పైగా నీటివాలు. ఆపుదామన్నా ఆగేది కాదని నాకు తరవాత తెలిసింది. పడవ ఎక్కడమే గాని, పడవ సంగతి నాకేం తెలుసు? మా తాడు ఆయన పడవ కొయ్యకి అడ్డం పడింది. ఆయన గెడ పారేసి, మా తాడు ఎత్తి కొయ్య మీంచి దాటించడానికి పరిగెత్తేడు. "ఆపించండి శెట్టిగారూ" అని అరిచేడు. ఆ కేకలో ఎగతాళి లేదు. నేను వదలండని అరిచేను. అరిచేననే నా నమ్మకం. అప్పటికే తాడు బిగిసిపోయింది. ఆయన కుడిచెయ్యి తాడుకీ కొయ్యకీ మధ్యన ఉంది.

చప్పుడు పెద్దదేం కాదు. పచ్చి కొబ్బరిమట్ట విరిచినట్టు వినపడింది.

మా పడవ ఆయన పడవని అవతలి గట్టుకేసి నొక్కి, అడ్డం తిరిగి ఆగింది. మా బస్తాలు కొన్ని నీళ్ళలోకి జారేయి. ఆవిడ తాడు అక్కడే పారేసి గట్టు మీంచి నీళ్ళలోకి దూకి, ఈదుకుంటూ పడవెక్కింది. ఆయన అరవడంలేదు. కూర్చుని, మోచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని, చెయ్యి కేసి చూస్తున్నాడు. నాలుగు వేళ్ళు లేవు. బొటనవేలు చర్మం మీద వేలాడుతోంది.

"పసుపుందాండీ?" అని అడిగింది ఆవిడ నన్ను.

ఉంది. బస్తాలకి బస్తాలుంది. నేను వెతికి, ఒక మూల అప్పటికే చిరిగి ఉన్న బస్తాలోంచి తీసి ఇచ్చేను. మంచి బస్తా కుట్టు విప్పడానికి నాకు చెయ్యి రాలేదు. ఈ సంగతి అప్పుడు ఎవరూ గమనించలేదు. నేను గమనించేను.

తూర్పు పెద్దమనిషి గట్టు మీదికి దూకేడు. "మేం ఎడమనే ఉన్నావండి. మేం ఎడమనే ఉన్నాం," అంటున్నాడు అందరితోనూ. ఆయన మాట నిజమే. సరంగు తన గట్టువారనే ఉన్నాడు, అదీ నిజమే. ఉండకూడని చోట ఉన్నవాడు ఎవరైనా ఉంటే, అది బస్తాల మీద కూర్చున్నవాడే.

కొత్తపేటలో వైద్యుడు వేళ్ళ మొదళ్ళు కాల్చి కట్టు కట్టేడు. చెయ్యి మణికట్టు దాకా నల్లబడింది. తరవాత చీము పట్టింది. ప్రాణం పోలేదు గాని, ఆ చెయ్యి ఇంక దేన్నీ పట్టుకోలేదు. గెడ రెండు చేతుల పని. కుడిచెయ్యి కింద పట్టి నొక్కాలి, ఎడమచెయ్యి పైన పట్టి తిప్పాలి. తమ్ముడు తాడు లాగగలడు గాని, గెడ మనిషి కాడు. అంటే పడవ ఇంట్లో నిలుస్తుందా లేదా అన్నది ఆ రోజునించే తేలవలసిన విషయమైపోయింది.

పడవల పెద్దలు లాకుల దగ్గర కూర్చుని నన్ను పిలిపించేరు. వెళ్ళేను. ఇక్కడ నా ప్రతాపం ఇంకొకటి చెప్పాలి. గోదారి అవతల ఎడమ, ఇవతల గట్టువార, నేను ఎక్కిన పడవ అవతలిది, నడిపినవాళ్ళు వాళ్ళ ధర్మంలో వాళ్ళున్నారు, నేను సరుకువాణ్ణి, నాకు తాళ్ళ సంగతి ఏం తెలుసు, అని చెప్పేను. చాలా బాగా చెప్పేను. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తూర్పు పెద్దమనిషి అప్పటికే ఏరు దాటి వెళ్ళిపోయేడు. ఇక్కడి పద్ధతేంటని నన్ను అడిగిన మాట చెప్పేవాడు లేడు. మా సరంగు చెయ్యి గుడ్డలో చుట్టుకుని ఒక పక్కన కూర్చున్నాడు. ఆ ప్రశ్న ఆ రోజున ఆయనకి వినపడిందో లేదో నాకు తెలీదు.

"నువ్వేమంటావు?" అని ఆయన్ని అడిగేరు.

"చిన్నశెట్టిగారితో మాటల్లో నేను ఎప్పుడు నెగ్గేనండి," అన్నాడు.

జరిమానా లేకుండా ఇంటికొచ్చేను. ఇంక మీదట ఏ ఊరి పడవైనా ఈ కాలవలో గట్టువార ఎక్కేవాడిదే అని ఆ రోజున తీర్మానించేరు. అది ఇప్పటికీ నడుస్తోంది.

ఇంట్లో చెప్పుకోలేక, కొట్లో కూర్చోలేక, ఒక పొద్దున్న నేనే ముక్తేశ్వరం వెళ్ళేను. పడవ గట్టుకెక్కించి బోర్లా వేసి ఉంది. ఆయన దాని నీడన కూర్చుని ఉన్నాడు. ఆయన ఎడమచేత్తో తినడానికి వీలుగా భార్య ముద్దలు చిన్నవిగా కలిపి పెడుతోంది. నన్ను చూసి లేవబోయేడు.

"కూర్చో, కూర్చో. ఎలా ఉంది?"

"ఉందండి. ఎడమది కొత్తగా పనిలో చేరింది, ఇంకా నేర్చుకుంటోంది."

ఏం కావాలో అడగమన్నాను. ఆయన పడవ కేసి చూసేడు. అడుగు పలకలు రెండు మార్పించాలి, గెడ పట్టే మనిషిని ఒకణ్ణి ఈ ఏటికి కుదుర్చుకోవాలి, ఈలోపున తమ్ముడు నేర్చుకుంటాడు, నలభై రూపాయలుంటే పడవ నిలబడుతుందండి, అన్నాడు. లెక్క వేసుకునే అన్నాడు. ఒక రూపాయి ఎక్కువ చెప్పలేదు. నాకు కిరాయిల సంగతి తెలుసు కనక అదీ తెలుసు.

"ఇరవై," అన్నాను.

నా నోరు అన్నది. నేను అనే లోపునే అనేసింది. ఆయన నన్ను చూసి నవ్వేడు. నిజంగానే నవ్వేడు, పాత రోజుల్లోలా.

"ముప్పై అయిదు ఇప్పించండి బాబూ."

అక్కడ ఆగి నలభై ఇవ్వవలసింది. అప్పటికి నా రక్తంలోకి ఎక్కేసింది. ఇరవై రెండు అన్నాను. ఆవిడ గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పాతికకి తెగింది. ఆయన ఎడమచేత్తో పుచ్చుకున్నాడు. నేను గట్టు మీద నడుస్తూ, కొంత దూరం వచ్చేదాకా, పదిహేను మిగిల్చేనన్న సంతోషంలోనే ఉన్నాను. అది ఎటువంటి సంతోషమో ఐనవిల్లి దగ్గరపడ్డాక తెలిసింది. వెనక్కి తిరగలేదు. రేపు వెళ్దామనుకున్నాను. సంతకి చింతపండు వెయ్యాలి.

పాతికతో పలకలు మార్పించేరు. గెడ మనిషి కుదరలేదు. ఆ వానల్లో తమ్ముడొక్కడే పడవ నడుపుతూ, లాకుల దగ్గర వరదనీటిలో పట్టు తప్పి రాతిగోడకి కొట్టించేడు. మనిషి బతికేడు. పడవ విరిగింది. విరిగిన పడవని కట్టెల ధరకి అమ్మేసేరు. సరంగు మరుసటేడు చెయ్యి తిరగబెట్టి జ్వరంతో పోయేడు. నేను అప్పుడు పదిహేను రూపాయలు పట్టుకుని వెళ్ళేను. ఆవిడ గుమ్మంలో నుంచుని, "ఇవి దేనికండీ?" అని అడిగింది. పుచ్చుకోలేదు.

ఇంక లెక్క. కిరాయిలో మిగిలినది నాలుగు రూపాయలు, ఎగ్గొట్టిన బత్తెం ఒక రూపాయి. నీళ్ళలో పడి చెడిన చింతపండు ఏడు రూపాయలది. వైద్యుడికి ఇచ్చినది ఏమీ లేదు, నన్ను ఎవరూ అడగలేదు. చిరిగిన బస్తాలోంచి తీసిన పసుపు గుప్పెడు, దానికి ఖరీదు కట్టలేదు. సరంగుకి ముట్టినవి పాతిక. మొత్తం మీద నాకు పోయినవి ఇరవై ఏడు రూపాయలు. ఆయనకి పోయినవి చెయ్యి, పడవ, ప్రాణం. వాటిలో చెయ్యికి నేనే బాధ్యుణ్ణి. పడవకి పదిహేను రూపాయల మేరకి బాధ్యుణ్ణి. ప్రాణానికి ఎంతవరకో తేల్చుకోలేదు గాని, తగ్గించి చెప్పడంలేదు. పుచ్చుకోని పదిహేనూ పెట్టెలో ఉన్నాయి.